పాత ఉత్తరం చూపిన దారి

మలేసియాలో కొన్ని ఊళ్లకు చేరాలంటే ఫోన్‌లో మ్యాపు ఒక్కటే చాలదు. ఇంట్లో పాత ఉత్తరం కూడా ఉండాలి.

విశాఖపట్నంలో ఉంటున్న ఓ కుటుంబం దగ్గర అలాంటి ఉత్తరం ఒకటుంది. 1970 నాటిది. నీలంరంగు ఎయిర్‌మెయిల్ కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి ఉంటుంది. వెనకవైపు ఓ కొబ్బరి ఎస్టేటు పేరు, దాని కింద ‘తెలుక్ ఆన్సన్, పేరాక్’ అన్న చిరునామా. రాసినాయన ఆ ఇంటి పెద్దావిడకు చిన్నాన్న. విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గరి ఓ పల్లె నుంచి 1937లో, పద్దెనిమిదేళ్ల వయసులో మలయా వెళ్లిపోయాడు. ఆ ఉత్తరం తరవాత ఇంకో ఉత్తరం లేదు.

అన్నేళ్లకు, 2024 వేసవి సెలవుల్లో, ఆ చిరునామా పట్టుకుని ఐదుగురు బయల్దేరారు. డెబ్భై ఎనిమిదేళ్ల నానమ్మ, ఆమె కొడుకు, కోడలు, పదో తరగతి పరీక్షలు రాసిన మనవరాలు, ఐదో తరగతి మనవడు. విశాఖ నుంచి కౌలాలంపూర్‌కు విమానంలో సుమారు నాలుగు గంటలు. భారతీయులు ముప్ఫై రోజుల వరకూ వీసా లేకుండా రావచ్చని 2023 డిసెంబరులో మలేసియా తలుపులు తెరవడంతో ఆ తలనొప్పీ లేకపోయింది.

నానమ్మ పెట్టెలో మూడు వస్తువులున్నాయి. కొత్తావకాయ, మాడుగుల హల్వా, పొందూరు ఖద్దరు చీర. వాటితోపాటు ఆమె మనసులో ఒక మాట కూడా ఉంది. దాన్ని అక్కడ ఎలా చెప్పాలో మాత్రం తెలియదు.

అది చిన్నాన్న వాటా సంగతి. ఊళ్లో అన్నదమ్ములిద్దరికీ కలిపి రెండున్నర ఎకరాలుండేది. అందులో సగం చిన్నాన్నది. 1974లో నానమ్మ చెల్లెలి పెళ్లికి డబ్బు అందక వాళ్ల నాన్న ఆ సగాన్ని అమ్మేశాడు. తమ్ముడికి కబురు చెయ్యలేదు. చెయ్యకపోవడానికి ఆయనకో కారణం ఉంది. 1970లో తల్లి చనిపోతే టెలిగ్రామ్ ఇచ్చినా తమ్ముడు రాలేదు. రాలేనంటూ ఈ నీలం కాగితం వచ్చింది. ‘తల్లి దినాలకు రానివాడికి భూమెందుకు’ అన్నాడాయన. ఆ మాట మీదే 1991లో పోయాడు.

కనిపించని ఊరు, మాయమైన ఇంటిపేరు

చుట్టాలను వెతకడం అంత తేలిగ్గా జరగలేదు. ముందు ఊరే దొరకలేదు. తెలుక్ ఆన్సన్ అన్న పేరు ఇప్పటి మ్యాపుల్లో ఉండదు. బ్రిటిష్ అధికారి పేరు మీద వచ్చిన ఆ పేరును 1982లో తీసేసి, తెలుక్ ఇంతాన్ అని పెట్టారు. ఆ సంగతి తెలియడానికే నానమ్మ కొడుక్కి వారం పట్టింది.

తరవాత ఇంటిపేరుతో వెతికాడు. ఒక్కరూ తగల్లేదు. కారణం అక్కడి పద్ధతిలో ఉంది. మలేసియాలో భారత సంతతివారి గుర్తింపు కార్డు మీద మనిషి పేరు, దాని తరవాత ‘ఎ/ఎల్’ అనో ‘ఎ/పి’ అనో, ఆపైన తండ్రి పేరు ఉంటాయి. ఎ/ఎల్ అంటే అనక్ లెలాకి, కొడుకని అర్థం. ఎ/పి అంటే అనక్ పెరెంపువాన్, కూతురు. మన దగ్గర ఇంటిపేరు ముందు నడుస్తుంది, మనిషి దాని వెనక నడుస్తాడు. అక్కడి కార్డులో దానికి చోటే లేదు. రెండు మూడు తరాలు గడిచేసరికి చాలా ఇళ్లల్లో అది పెద్దవాళ్ల జ్ఞాపకంగా మాత్రమే మిగిలింది.

ఇంటిపేరు పోయినా ఒంటిపేరు మాత్రం ఊరి ఆనవాలు చెబుతుంది. అప్పలసామి, సింహాచలం, అప్పారావు... అక్కడి తెలుగువారిలో ఇలాంటి పేర్లు కనిపిస్తే ఆ ఇంటి వేళ్లు ఎక్కడున్నాయో ఉత్తరాంధ్రవారికి వేరే చెప్పక్కర్లేదు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్నవాడు మరెక్కడి నుంచి వెళ్తాడు!

పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెల జనం మలయా తోటలకు వెళ్లారు. ఊళ్లోకి వచ్చి, అప్పు తీర్చి, ఓడ ఖర్చులు పెట్టుకుని మనుషుల్ని తీసుకెళ్లే మేస్త్రీని కంగాణీ అనేవారు. 1938లో భారత ప్రభుత్వం ఇలా కూలీలను పంపడాన్ని ఆపేసింది. అంటే చిన్నాన్న దాదాపు చివరి ఓడల్లో వెళ్లినవాడన్నమాట. పేరాక్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డునున్న బాగన్ దాతుక్ ప్రాంతపు కొబ్బరి ఎస్టేట్లలో తెలుగువారు గుంపులుగా స్థిరపడ్డారు. మలయాలోని తెలుగువారు 1955లోనే సంఘం పెట్టుకున్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా కౌలాలంపూర్‌లోనే.

చివరికి పని చేసింది వాట్సాప్. ఉత్తరం వెనకవైపు ఫొటో తీసి, మలేసియా తెలుగువాళ్లున్న ఓ గ్రూపులో పెట్టించారు. ఎస్టేటు పేరు చూసి ఒకరు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి పంపారు. పదకొండో రోజున ఓ ముసలావిడ గొంతు వచ్చింది. ‘గజపతినగరం కాడ మా నాన ఊరు. మీరు మా పెదనాన పిల్లలేనా?’

నానమ్మ ఆ మాటను నాలుగుసార్లు వేయించుకుని వింది. చిన్నాన్న 1988లోనే పోయాడట. మాట్లాడింది ఆయన కూతురు, డెబ్భై మూడేళ్ల మనిషి. వరసకు నానమ్మకు చెల్లెలు.

నెత్తళ్లు పలకరించిన రోడ్డు

కౌలాలంపూర్‌లో దిగిన రాత్రి బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం. మర్నాడు పొద్దున్నే అద్దె కారు. స్టీరింగ్ కుడివైపు, బండ్లు నడిచేది ఎడమవైపు... అంతా మనలాగే. నానమ్మ కొడుకు విశాఖలోనే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లాడు. టోల్ కోసం ‘టచ్ అండ్ గో’ కార్డులో డబ్బు వేయించుకున్నాడు. అది ముందే ఉంటే టోల్ గేటు దగ్గర తెల్లమొహం వెయ్యక్కర్లేదు.

థాయ్‌లాండ్ సరిహద్దు నుంచి సింగపూర్ వైపు జొహోర్ బారు దాకా 772 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న ఉత్తర దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే 1994లో పూర్తయింది. గరిష్ఠ వేగం గంటకు 110 కిలోమీటర్లు. రెండు పక్కలా ఆయిల్‌పామ్ తోటలు, దూరంగా నీలి కొండలు. దారిలో అక్కడక్కడా ‘ఆర్ అండ్ ఆర్’ అన్న బోర్డులుంటాయి. రెహత్ దాన్ రావత్... అలసట తీర్చుకునే చోటని అర్థం. బాత్రూములు, ప్రార్థన గది, పళ్ల దుకాణాలు, వరసగా తిండి కొట్లు.

అక్కడే నానమ్మకు మొదటి పరీక్ష ఎదురైంది. పేరు నాసి లెమాక్. కొబ్బరిపాలతో వండిన అన్నం, పక్కన ఎర్రటి సంబల్ కారం, వేయించిన వేరుసెనగ గుళ్లు, కీరదోస ముక్కలు, ఉడికించిన గుడ్డు. ఆమె అనుమానంగా చూస్తూ అన్నం పక్కకు జరిపింది. అడుగున కరకరలాడే చిన్న చిన్న ఎండుచేపలు కనిపించాయి. అక్కడివాళ్లు ఇకన్ బిలిస్ అంటారు.

‘ఇవి నెత్తళ్లు కదరా!’ అంది. ఆ తరవాత ఇంక పొట్లం వదల్లేదు.

పిల్లల ఓటు రోటీ చనాయ్‌కు పడింది. పేరు కొత్త, రుచి పాతది. పిండిని గాల్లో తిప్పి పొరలు పొరలుగా కాల్చే పరోటా అది. పక్కన పప్పు పోస్తారు. తోడుగా తెహ్ తారిక్. ఒక లోటాలోంచి ఇంకో లోటాలోకి ఎత్తు నుంచి తిరగబోసి నురగ తెప్పించే టీ.

బీడోర్ దగ్గర హైవే దిగారు. కాసేపటికి ‘తెలుక్ ఇంతాన్’ బోర్డు కనపడగానే మనవడు ‘నానమ్మా, తెలుగు ఊరొచ్చేసింది’ అని కేక పెట్టాడు. తెలుక్ అంటే మలయ్ భాషలో అఖాతం, ఇంతాన్ అంటే వజ్రం. ఊరి నడిబొడ్డున 1885లో కట్టిన ఓ గడియార స్తంభం పక్కకు ఒరిగి నిలబడి ఉంటుంది. బయటి నుంచి ఎనిమిది అంతస్తుల్లా కనిపిస్తుంది కానీ లోపల ఉన్నవి మూడే. ఒకప్పుడు ఊరికి మంచినీళ్లిచ్చిన ట్యాంకు అది. ఎస్టేటు నుంచి సరుకుల కోసం చిన్నాన్న దిగిన బజారు ఇదే. మనవరాలు ఫొటోలు తీస్తుంటే నానమ్మ కారు దిగకుండా ఆ ఒరిగిన స్తంభాన్నే చూస్తూ కూర్చుంది.

పనసపొట్టు పట్టిచ్చింది

తెలుక్ ఇంతాన్ దాటాక సముద్రం వైపు సాగాలి. భూమి చదునుగా, తడిగా ఉంటుంది. కొబ్బరి చెట్లు, మధ్యలో మురుగు కాలవలు, అక్కడక్కడా చిన్న గుళ్లు. కోనసీమలోకి వచ్చామా అనిపిస్తుంది. చాలా ఎస్టేట్లు చేతులు మారాయి. కొబ్బరి తీసేసి పామాయిల్ వేసిన చోట్లూ ఉన్నాయి. 2017లో బాగన్ దాతుక్ ప్రత్యేక జిల్లా అయింది.

రేకుల కప్పున్న ఇల్లు. గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టి ఉంది. కారు ఆగగానే లోపలి నుంచి ఓ పొట్టి మనిషి గబగబా వచ్చింది. రెండు చేతులూ చాచి ‘ఒచ్చీసినావా అక్కా’ అంది. అంతకుముందు ఒకరి మొహం ఒకరు నేరుగా చూసి ఎరగరు. అయినా ఎవరు ఎవరో అడగాల్సిన అవసరం రాలేదు.

‘ఈ గుంట ఏ కలాసు సదువుతుంది?’ అని ఆవిడ అడిగితే విశాఖ మనవరాలు తెల్లబోయింది. గుంట, గుంటడు, కూకో, ఏటి... బళ్లో ఎవరైనా అంటే నవ్వుతారని ఆ పిల్ల ఏనాడో మానేసిన మాటలు. సముద్రానికి అవతల ఎనభై ఏడేళ్లుగా ఎవరూ దిద్దని తెలుగు అది. 1937లో ఓడెక్కిన మాట తీరు అలాగే ఉండిపోయింది. ఆమె కొడుకులు తెలుగు అర్థం చేసుకుంటారు, తడబడుతూ మాట్లాడతారు. పదహారేళ్ల మనవడు మలయ్, ఇంగ్లిష్ గడగడా మాట్లాడతాడు. తెలుగులో అతనికి వచ్చింది ‘తిన్నారా’ ఒక్కటే. కానీ ఆ ఒక్కదాన్ని రోజుకు పదిసార్లు వాడాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. నది రొయ్యలు కొబ్బరిపాలల్లో, చింతపండు పులుసులో చేప, బెండకాయ వేపుడు. బెండకాయను మలయ్‌లో కచాంగ్ బెండి అంటారని కుర్రాడు చెబితే పిల్లలిద్దరూ ‘మన బెండే’ అని ఎగిరారు. చివర్లో ఆవిడ మూత తీసిన గిన్నెలో పనసపొట్టు కూర ఉంది. పనసను అక్కడ నంగ్కా అంటారు. మలయ్ ఇళ్లల్లో దాన్ని ఎక్కువగా కొబ్బరిపాలతో వండుతారు. ఈ గిన్నెలోది అలా లేదు. సన్నగా కొట్టి, ఉడికించి, పిండి, చింతపండు పులుపు తగిలించి, ఎండుమిరపకాయల తాలింపు వేసి, చివర ఆవపిండి కలిపిన కూర.

నానమ్మ ఒక ముద్ద తిని ఆగింది. ‘ఈ కూర నీకెవరు నేర్పారు?’

‘నానే. అమ్మ తమిళం మనిషి. ఆమెకి రాదు. వాళ్లమ్మ ఎలగ సేసేదో సెప్పి సెప్పి వండించుకునేవోడు. ఆవ ఘాటు నసాలానికి ఎక్కాలనేవోడు.’

వాళ్లమ్మ అంటే నానమ్మకు నాయనమ్మ. చావుకు చిన్నాన్న రాని ఆ తల్లే. వడ్డించేవాళ్లు, తినేవాళ్లు కాసేపు మాట్లాడలేదు.

ఎర్ర కార్డు కథ

సాయంత్రం అరుగు మీద కూర్చున్నాక నానమ్మే మొదలుపెట్టింది. ఊరి సంగతులన్నీ చెప్పి, చివరికి ‘చిన్నాన్న వాటా అమ్మేశాం చెల్లీ. మీకు చెప్పలేదు’ అంది. అమ్మిన సంవత్సరం, వచ్చిన డబ్బు, ఎవరి పెళ్లికి ఖర్చయిందీ దాచకుండా చెప్పింది.

చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత లోపలికి వెళ్లి ఓ బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో వాళ్ల నాన్న కాగితాలున్నాయి. వాటి మధ్య 1970లో వచ్చిన టెలిగ్రామ్ ఉంది.

‘నాన రాలేదని మీకు కోపం కదా అక్కా’ అంది.

విశాఖవాళ్లకు తెలియని కథ అక్కడ బయటపడింది. 1957లో మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. చాలామంది తోట కూలీలు పౌరసత్వ కాగితాలు చేయించుకోలేదు. కొందరికి చదువు లేదు, కొందరికి ఎప్పటికైనా ఊరికి పోతామన్న ఆశ. పౌరులకు నీలం గుర్తింపు కార్డు, కానివారికి ఎర్ర కార్డు. చిన్నాన్నది ఎర్ర కార్డు. 1964లో మద్రాసు, పెనాంగ్, సింగపూర్‌ల మధ్య తిరిగే రజులా ఓడెక్కి అన్న కూతురి పెళ్లికి, అంటే నానమ్మ పెళ్లికి, వచ్చి వెళ్లినప్పుడు ఆ కార్డు రంగును ఆయన పెద్దగా పట్టించుకోలేదు. కానీ 1968లో మలేసియా కొత్త చట్టం తెచ్చింది. పౌరులు కానివారు పని చెయ్యాలంటే పర్మిట్ ఉండాలి. 1969 మే 13న కౌలాలంపూర్‌లో అల్లర్లు రేగాక దాని అమలు గట్టిపడింది. పర్మిట్ దొరక్క వేలాది మంది భారతీయులు దేశం వదిలి వచ్చేశారు.

టెలిగ్రామ్ అందేసరికి చిన్నాన్న పర్మిట్ కోసం ఎదురుచూస్తున్నాడు. ‘ఓడెక్కితే మళ్లీ పని ఇస్తారో ఇవ్వరో తెలీదు. ఇంట్లో మేం నలుగురు పిల్లలం. మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఎస్టేటు కాలవ గట్టు మీదే గుండు గీయించుకున్నాడు’ అంది చెల్లెలు.

నానమ్మ కొడుకు నీలం కాగితం తీసి మళ్లీ చదివాడు. ‘పర్మిట్టు గొడవ వల్ల రాలేకపోతున్నాను’ అని అందులో స్పష్టంగానే ఉంది. గజపతినగరం పల్లెలో 1970లో ఆ మాటకు అర్థం చెప్పేవారు లేరు. ఆరేళ్ల కిందట ఏ పర్మిట్టుతో వచ్చాడని పెద్దాయన అడిగాడు. అడగడంలోనూ తప్పులేదు. ఒకే ఉత్తరం. ఒక ఒడ్డున నిజం, ఇంకో ఒడ్డున సాకు అయింది.

ఆ రాత్రి భూమి గురించి చెల్లెలు ఒక్కటే అడిగింది. ‘ఆ పొలం గట్టున వరసగా తాటిచెట్లు ఉండేవంట. ఉన్నాయా?’

‘లేవు. అక్కడ ఇప్పుడు ఇళ్ల స్థలాలు’ అంది నానమ్మ.

‘పోనీలే’ అంది చెల్లెలు. ఆ ‘పోనీలే’ అనడానికి కొంచెం టైము పట్టింది. తరవాత ఇద్దరూ మాడుగుల హల్వా డబ్బా విప్పారు.

కారు వెనక సీట్లో ఇద్దరు

నాలుగో రోజు పెనాంగ్ ప్రయాణం. ఈసారి కార్లు రెండు. చెల్లెలు తన కొడుకు కారెక్కలేదు, అక్క పక్కనే కూర్చుంది.

మధ్యలో ఈపో. కింటా లోయ తగరపు గనులతో ఎదిగిన ఊరు. చుట్టూ సున్నపురాయి కొండలు, వాటి గుహల్లో గుళ్లు. ఇక్కడి వైట్ కాఫీకి పెద్ద పేరు. గింజలను మార్జరిన్ వేసి వేయించి, చిక్కటి పాలతో కలుపుతారు. ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డ కోడలు ముందు పెదవి విరిచింది, రెండో కప్పు మాత్రం తనే చెప్పింది. ఉడికించిన కోడి, పక్కన లావుపాటి మొలకలు... ఇది ఈపో చీనా వంట. ‘మొలకలకు ఇంత రుచేంటి’ అని పిల్లాడు ఆశ్చర్యపోయాడు.

అక్కడి నుంచి ఉత్తరానికి సాగితే పెనాంగ్ వంతెన. 1985లో మొదలైన ఈ వంతెన పొడవు 13.5 కిలోమీటర్లు. దీవి వైపు వెళ్తుంటే ఎడమ పక్కన సముద్రంలో పచ్చటి దీవి ఒకటి కనిపిస్తుంది. పేరు పులావ్ జెరెజాక్. ఓడల్లో వచ్చిన కూలీలను రోగాల భయంతో ముందు అక్కడే ఉంచేవారు. ఆ తరవాతి కాలంలో, 1969 నుంచి 1993 దాకా, దాన్ని జైలుగా వాడారు.

‘నానని దింపింది అక్కడే’ అంది చెల్లెలు. వంతెన మీద కారు ఆపకూడదు. ఒక్క నిమిషంలో ఆ దీవి వెనక్కి వెళ్లిపోయింది. అంతసేపూ నానమ్మ అద్దానికి మొహం ఆనించే ఉంది.

పెనాంగ్ రాజధాని జార్జ్‌టౌన్ 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. తిండికైతే ఏ జాబితా అక్కర్లేదు. ఇక్కడి నాసి కండార్ పేరులోని కండార్ అంటే కావడి బద్ద. తమిళ ముస్లింలు కావడికి ఒక పక్క అన్నం, ఇంకో పక్క కూరలు వేలాడదీసుకుని వీధుల్లో అమ్మేవారు. కావడి పోయి కొట్టు వచ్చింది, పేరు ఉండిపోయింది. ‘బంజీర్’ అంటే చాలు, నాలుగైదు పులుసులు అన్నం మీద వరదలా పోస్తారు. బంజీర్ అంటే వరదే మరి.

ఆ వీధులకు దగ్గర్లోనే పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టిన కపితాన్ కెలింగ్ మసీదు ఉంది. కెలింగ్ అన్న మాట కళింగ నుంచే వచ్చిందంటారు. కళింగ తీరం నుంచి వచ్చినవారికి పెట్టిన పేరు మెల్లగా భారతీయులందరికీ అంటుకుంది. ఇప్పుడు ఎవరినైనా అలా పిలిస్తే తిట్టుగానే తీసుకుంటారు. ‘బళ్లో నన్ను కూడా అన్నారు’ అన్నాడు పదహారేళ్ల కుర్రాడు. కళింగ అంటే తమ జిల్లాలే అని విశాఖ పిల్ల ఫోన్‌లో మ్యాపు తీసి చూపించింది. కళింగపట్నం, వంశధార, సింహాచలం... అతను మ్యాపును పెద్దది చేసి, చిన్నది చేసి చాలాసేపు చూశాడు.

చివరగా చెండోల్. తురిమిన ఐసు, కొబ్బరిపాలు, ఆకుపచ్చటి పిండి తీగలు, పైన గులా మెలాకా అనే నల్లబెల్లం పాకం. అక్కాచెల్లెళ్లు ఒకే గిన్నె తీసుకున్నారు, రెండు చెంచాలతో. ఇద్దరికీ షుగరే. ఇద్దరి కొడుకులూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

సంక్రాంతికి రమ్మంది అక్క. పాస్‌పోర్టు లేదంది చెల్లెలు. చేయించడానికి ఎన్నాళ్లు పడుతుందో కొడుకు అక్కడికక్కడే లెక్క చెప్పాడు. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. ఊళ్లో ఇప్పుడు ఎవరెవరున్నారో మాత్రం మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి వరసగా అడిగింది.

పక్క బల్ల దగ్గర కుర్రాడు ఫోన్ పట్టుకుని విశాఖ పిల్లను ఇంకోటి అడుగుతున్నాడు. వాళ్ల ఇంటిపేరును ఇంగ్లిష్‌లో ఎలా రాయాలని. ఆ పిల్ల ఒక్కో అక్షరం చెప్పింది. అతను ముందు ఆమె నంబరుకు ఆ పేరు పెట్టుకున్నాడు. తరవాత తన వాట్సాప్‌లోకి వెళ్లి, తన పేరుకు ముందు కూడా అదే రాసుకున్నాడు.